జొన్నరొట్టెయు పెల్లాగ్రాయు

ఛత్తీసుగఢ్ సీమను 'ధాన్ కా కటోరా' అందురు. ధాన్యపు గిన్నె యని దాని యర్థము. అయితే ధాన్యము నిండుగా నున్నంత మాత్రమున దేహపుష్టి కలుగదని పోషకాహార శాస్త్రము చెప్పుచున్నది. మరపట్టిన బియ్యమే ప్రధానాహారమైనవారిని పీడించు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై 1918లో మెకారిసన్ దొర కూనూరులో నొక చిన్న ప్రయోగశాలను ప్రారంభించెను. అదియే పెంపొంది 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను.

ఆ సంస్థ చరిత్రలో డాక్టర్ సి. గోపాలన్ (1918–2019) పేరు చిరస్మరణీయము. సేలములో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించిన ఆయనకు దక్కను పీఠభూమిలో నొక చిక్కుప్రశ్న యెదురయ్యెను. జొన్నరొట్టెయే ఆధారమైన బీదలకు పెల్లాగ్రా వచ్చుచుండెను. ఎండ తగిలిన చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతిచాంచల్యము దాని లక్షణములు. నయాసిన్ విటమిను లోపము దానికి మూలము. దేహములో నయాసిన్‌గా మారు ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో మిక్కిలి తక్కువ. జొన్నలో నంత కొరత లేదు. మరి వ్యాధి యేల?

జొన్నలో అధికముగా నున్న లూసిన్ అను ద్రవ్యమే ఈ మార్పునకు అడ్డు తగులుచున్నదని 1960లో గోపాలన్, శ్రీకంఠయ్యలు ప్రతిపాదించిరి. లూసిన్ తక్కువగా నుండు జొన్న రకముల యన్వేషణయు సాగెను. ఈ వాదమును పిదప కొందరు శాస్త్రజ్ఞులు ప్రశ్నించిరి. అయినను రోగి కంచమును పరీక్షింపక రోగమును గ్రహింపజాలమను సత్యము నిలిచినది. దోషము జొన్నది మాత్రమే కాదు. రొట్టె ప్రక్కన పప్పు, పాలు లేని పేదరికముదియు.