మా అవ్వ పాటల నోటుబుక్కు: 1981 ఎండాకాలం

ఈ సంవత్సరం సాంఘిక శాస్త్రం క్లాసులో మా టీచరమ్మ ఒక పని ఇచ్చారు. "మీ ఇంట్లో 40 ఏళ్ళకు పైబడిన వస్తువు ఒకటి వెతకండి. దాన్ని ఆధారంగా పెట్టుకొని ఆ కాలం గురించి రాయండి. రాజుల చరిత్ర పుస్తకంలో ఉంది, మీ ఇంటి చరిత్ర మీరే రాయాలి" అన్నారు. నా స్నేహితులు కొందరు రాగి చెంబు తెచ్చారు, ఒకరు పాత కొలపాత్ర తెచ్చారు. నాకు మా అవ్వ ఇనపపెట్టెలో చీరల అడుగున ఒక నోటుబుక్కు దొరికింది. అట్ట ఊడిపోయింది. మొదటి పేజీలో 1981 అని ఉంది.

తెరిచి చూస్తే అంతా తమిళ అక్షరాలు. తమిళం నోటు అనుకొని పక్కన పెట్టబోయాను. రెండు వరుసలు కూడబలుక్కొని చదివేసరికి ఆశ్చర్యం వేసింది. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు! సినిమా పాటలు. ఒక్కో పాట పక్కన నిలువు గీతలు, నాలుగు గీతలకు ఒక అడ్డగీత. అవ్వను అడిగితే నవ్వింది. "రేడియోలో ఆ పాట వచ్చినప్పుడంతా ఒక గీత పెడతా ఉంటి" అన్నది.

అంటే మా అవ్వ తన సొంత హిట్ పాటల పట్టిక తయారు చేసుకుంది. ఈ వ్యాసం ఆ పట్టిక గురించే.

ముందు మేము ఇక్కడ ఎందుకు ఉన్నామో రెండు మాటలు. విజయనగర రాజుల కాలంలోనూ, నాయకుల కాలంలోనూ చాలా తెలుగు కుటుంబాలు ఈ తమిళ సీమకు వచ్చి స్థిరపడ్డాయి. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. మేమున్న పాత సేలం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1965లో సేలం నుంచి ధర్మపురి జిల్లా ఏర్పడింది, హరూర్ అందులోకి వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా అవ్వ ఊరు తీర్థమలై పోయే దారిలో ఉంది. ఆమె చదివింది తమిళ బడి, అదీ ఐదో తరగతి వరకే. తెలుగు అక్షరం ఒక్కటీ నేర్పినవాళ్ళు లేరు.

1981లో అవ్వకు కొత్తగా పెళ్ళయింది. ఇంట్లో నాలుగు సెల్లుల ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి ఉండేది. ఎండాకాలం మా పక్క చింతపండు కాలం. చింతకాయలు పెంకు తీసి, గింజలు కొట్టి, పండు వేరు చేసే పని ఆడవాళ్ళది. వసారాలో పది మంది కూర్చుంటారు, మధ్యలో రేడియో.

"మేము చింతపండు కొడతా ఉంటిమి, రేడియో పాడతా ఉండె. సెల్లులు అయిపోతే ఎండలో పెడితిమి. సాయంత్రానికి మళ్ళా రెండు పాటలు పాడేది" అని అవ్వ చెప్పింది.

విజయవాడ స్టేషన్ మా ఊరికి సరిగా అందేది కాదట. వివిధ భారతి, సిలోన్ బాగా వచ్చేవి. సిలోన్ రేడియో 1972 నుంచి శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది, కానీ అందరూ సిలోన్ అనే అన్నారు. అందులో తమిళ పాటలతోబాటు తెలుగు పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గారు తెలుగులో పాట పేరు చెప్తుంటే "మన భాష సముద్రం అవతల నుంచి వస్తా ఉందే" అని మా అవ్వకు గర్వంగా ఉండేదట.

పాటలకు వరుస సంఖ్యలు ఇచ్చే అలవాటు ప్రపంచంలో ఎలా మొదలైందో చూశాను. ఇంగ్లండులో ఒక సంగీత పత్రిక 1952 నవంబరులో మొదటి అమ్మకాల పట్టిక వేసింది. మరుసటి నెలలోనే సిలోన్ రేడియోలో అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఆ హిందీ పాటల వరుస వినడానికి దేశమంతా చెవులు పెట్టేది. రికార్డుల అమ్మకాలు, శ్రోతల ఉత్తరాలు చూసి ఆ వరుస వేసేవారు. అమెరికాలో 1981 ఎండాకాలం కిమ్ కార్న్స్ అనే గాయని పాట తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ ఆగస్టు 1న ఎం.టీవీ అనే పాటల టీవీ ఛానల్ కూడా మొదలైంది. అదే ఎండాకాలం మా అవ్వ ఊరిలో టీవీ అనే మాటే ఎవరూ వినలేదు. ఒక పెన్సిలు ముక్కతో ఇక్కడా ఒక పట్టిక తయారవుతోంది.

ఇక నోటులో ఏ పాటలు ఉన్నాయో చెప్తాను.

అన్నిటికన్నా ఎక్కువ గీతలు 'ప్రేమాభిషేకం' పాటలకు ఉన్నాయి. దాసరి నారాయణరావు గారి ఆ సినిమా 1981 ఫిబ్రవరి 18న వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు, శ్రీదేవి, జయసుధ నటించారు. సంగీతం చక్రవర్తి. బాలసుబ్రహ్మణ్యం, సుశీల పాడారు. గుంటూరులో ఏడాదికి పైగా ఆడిందంటే ఆ పాటలు ఎంతగా పాకాయో ఊహించవచ్చు.

రెండో వరుసలో 'శంకరాభరణం' ఉంది. అది 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. ఏడాది దాటినా అవ్వ నోటులో గీతలు తగ్గలేదు. కె. విశ్వనాథ్ గారి ఈ సినిమా తమిళనాడులో తమిళంలోకి మార్చకుండా తెలుగులోనే ఆడింది. దానికి సంగీతం చేసిన కె.వి. మహదేవన్ గారు తమిళులు. పాడిన వాణీ జయరాం గారు మన పక్క వేలూరులో పుట్టిన తమిళ అమ్మాయి. మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం ముగ్గురికీ ఈ సినిమాకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అవ్వ వాళ్ళు ధర్మపురికి పోయి చూశారు. పక్కింటి తమిళ అక్క కూడా వెంట వచ్చిందట. "మాట తెలీదు అనింది, కానీ నాకంటే ముందు ఏడ్చింది" అని అవ్వ చెప్పింది.

మూడోది 'ఆకలి రాజ్యం'. చరిత్ర రాసేవాళ్ళకు ఇది చాలా మంచి ఉదాహరణ. బాలచందర్ గారు ఒకే కథను రెండు భాషల్లో తీశారు. తమిళంలో 'వరుమయిన్ నిరం సివప్పు' 1980 నవంబరులో, తెలుగులో 'ఆకలి రాజ్యం' 1981 జనవరిలో వచ్చాయి. రెండింటిలోనూ కమల్ హాసన్, శ్రీదేవి. రెండింటికీ ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం. తమిళంలో హీరో భారతియార్ కవిత్వం చదివితే, తెలుగులో శ్రీశ్రీ కవిత్వం చదువుతాడు. ఒకే బాణీకి తమిళంలో కణ్ణదాసన్ మాటలు, తెలుగులో ఆత్రేయ మాటలు. రెండింటిలోనూ ఆ జంటపాట పాడింది బాలసుబ్రహ్మణ్యం, జానకి.

పక్కింటి అక్కకు ఆ పాట తమిళంలో వచ్చు, మా అవ్వకు తెలుగులో వచ్చు. చింతపండు కొడుతూ ఇద్దరూ ఒకేసారి, ఎవరి భాషలో వాళ్ళు పాడేవారట. బాణీ ఒకటే కాబట్టి ఎక్కడా తప్పేది కాదు. అందుకేనేమో ఆ పాట పక్కన అవ్వ గీతలు వేయలేదు. "అది రేడియోలో వచ్చిందా, మేము పాడితిమా, లెక్క యాడ తెలుస్తుంది?" అన్నది.

ఆ ఎండాకాలం చివర, జూన్ 5న 'ఏక్ దూజే కే లియే' హిందీలో వచ్చింది. అది 1978లో వచ్చిన తెలుగు 'మరో చరిత్ర' కథే. 'మరో చరిత్ర' మద్రాసు సఫైర్ థియేటరులో తెలుగులోనే ఏడాదిన్నరకు పైగా ఆడింది. బాలసుబ్రహ్మణ్యం గారు హిందీలో పాడడం ఈ సినిమాతోనే మొదలు, దీనికీ ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. అవ్వకు హిందీ రాదు. నోటులో మాట ఒక్కటీ లేదు, "మన బాలు, ఇందీ" అని మాత్రం రాసి మూడు గీతలు పెట్టింది.

ఇప్పుడు టీచరమ్మ చెప్పినట్టు ఆధారాన్ని పరీక్షించాలి. ఈ పట్టికను ఎంతవరకు నమ్మవచ్చు? నేను అవ్వను చాలా ప్రశ్నలు వేశాను. ఉదయం పాటలకు గీతలు ఎందుకు తక్కువ? ఉదయం ఆమె బావి దగ్గర ఉండేది. ఒక వారం గీతలే లేవు, ఎందుకు? సెల్లులు కొనడానికి డబ్బు లేదు. మరి కొన్ని రోజులు ఒకే స్టేషన్ పాటలు ఎందుకు ఉన్నాయి? తాత ఇంట్లో ఉంటే ఆయన ఇష్టం. అంటే ఈ పట్టిక ఏ పాట గొప్పదో చెప్పదు. 1981లో ఒక పల్లెటూరి కోడలికి పాట వినే తీరిక ఎప్పుడు దొరికిందో చెప్తుంది. పెద్ద పట్టికలూ అంతే కదా! రికార్డుల అమ్మకాలు లెక్కపెడితే రికార్డు కొనగలిగినవాళ్ళే లెక్కలోకి వస్తారు. ఉత్తరాలు లెక్కపెడితే ఉత్తరం రాయడం వచ్చినవాళ్ళే వస్తారు. మా అవ్వ ఏ రేడియోకూ ఉత్తరం రాయలేదు. "తెలుగు పాట అడగాలంటే తెలుగులో రాయాలి కదా, నాకు రాదే" అని ఊరుకుంది.

ఆ మాట విన్నాక నోటు మొత్తం తెలుగు లిపిలో ఎత్తి రాయాలని అనుకున్నాను. రెండు రోజుల పని అనుకున్నాను, రెండు నెలలు పట్టింది. కారణం లిపి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ప, ఫ, బ, భ కూడా అంతే. 'గాలి' రాసినా 'కాలి' రాసినా ఒకేలా ఉంటుంది. 'బండి', 'పండి' ఒకటే. 'పాట', 'బాట' ఒకటే. పేజీ చూసి అర్థం చెప్పలేము. పాట వినాలి. యూట్యూబ్‌లో పాట పెట్టుకొని, ఒక్కో మాట దగ్గర ఆపి, మళ్ళీ విని రాశాను. బాలు గారు, సుశీలమ్మ, జానకమ్మ ఎంత స్పష్టంగా పలికారో నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళ గొంతులో 'గ' గ లాగే, 'ఘ' ఘ లాగే వినిపిస్తుంది. అక్షరం దాచిపెట్టిన తేడాను గొంతు దాచలేదు.

కొన్ని చోట్ల నవ్వు వచ్చింది. ఒక ప్రేమపాటలో 'ప్రణయం' అనే మాటను అవ్వ 'పయనం' అని రాసుకుంది. మా ఇంటి తెలుగులో ప్రణయం అనే మాట లేదు. తమిళంలో పయణం అంటే ప్రయాణం. అందువల్ల ఆ పాటలో ఇద్దరూ ఎక్కడికో బస్సెక్కి పోతున్నారని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది! నేను చెప్తే కాసేపు ఆలోచించి, "అదీ పయనమే లే" అన్నది.

నవ్వుకున్నాక నాకు బాధ కూడా కలిగింది. తెలుగువాళ్ళమని చెప్పుకుంటాం, కానీ అవ్వకు తెలుగు చేరిన దారులు రెండే. ఒకటి వాళ్ళమ్మ మాట, రెండోది రేడియో పాట. ఆ పాటే ఆమెకు వాచకం, ఆ రేడియోనే బడి. చదువుకున్న తెలుగు మాటలు ఆమె నోట్లో ఎన్ని ఉన్నాయో, అన్నీ ఇలా చెవి నుంచి వచ్చినవే. నాకు తెలుగు బడి దొరికింది, ఆమెకు దొరకలేదు. కానీ ఆమెకు వంద పాటలు కంఠతా వచ్చు, నాకు పది కూడా రావు. ఎవరికి తెలుగు ఎక్కువ వచ్చో నేను చెప్పలేను.

నోటు ఆడి నెల మొదట్లో ఆగిపోయింది. చివరి పాట సగంలో ఉంది. ఎందుకని అడిగాను. "వానలు పడె, చేను పని మొదలాయె. ఆ తరవాత మీ నాయన పుట్టె. ఇంక గీతలు పెట్టేదానికి యాడ తీరిక?" అన్నది.

పోయిన ఆదివారం మంచి కాపీ తీసుకుపోయి అవ్వ చేతిలో పెట్టాను. పేజీలు తిప్పి చూసింది. అక్షరాల మీద వేలు పెట్టి జరిపింది. తన నోటే, కానీ ఇప్పుడు చదవలేదు. నాకు ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. ఆమె మాత్రం నోటు తిరిగి నా చేతికే ఇచ్చి, "నువ్వు చదువు, నేను దిద్దుతా" అన్నది. చదివాను. మూడో పాటలో ఆపింది. "అది గాలి కాదు, కాలి. మళ్ళా విను" అన్నది. పాట పెట్టి విన్నాను. అవ్వ చెప్పిందే నిజం.

ఈ వ్యాసం చదివే తోటి విద్యార్థులకు ఒక మాట. మీ ఇళ్ళలో కూడా తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు ఏదైనా ఉండవచ్చు: పాట, మందు చీటీ, పెళ్ళి ఖర్చుల లెక్క. తమిళమే కదా అని నాలాగా పక్కన పెట్టకండి. రాసినవాళ్ళు ఇంకా మన పక్కనే కూర్చొని ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. ఏది 'గాలి', ఏది 'కాలి' అని చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే.