విండోస్ ఎక్స్‌పీ నుండి నవీకరణ

విండోస్ ఎక్స్‌పీ మైక్రోసాఫ్ట్ సంస్థ 2001 అక్టోబరు 25న విడుదల చేసిన నిర్వాహక వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్). దీని తరువాత వచ్చిన విస్టాకు, విండోస్ 7కు మారవలెనా లేక ఎక్స్‌పీనే కొనసాగించవలెనా అన్న ప్రశ్న ఇండ్లలోను, కార్యాలయాలలోను, బ్యాంకులలోను దశాబ్దానికి పైగా చర్చనీయాంశమైనది. పాత వ్యవస్థను వాడుకరులు విడువకపోవుటకు ఇది ప్రసిద్ధమైన ఉదాహరణ.

నేపథ్యం

అంతకు ముందు ఇండ్లలో వాడిన విండోస్ 95, 98, ఎంఈ లకు డాస్ పునాది. ఒక ప్రోగ్రాము చెడినచో యంత్రమంతా స్తంభించుట వాటిలో సర్వసాధారణం. కార్యాలయాల కొరకు రూపొందిన ఎన్‌టీ కెర్నెల్‌ను ఇండ్లకు చేర్చిన మొదటి విండోస్ ఎక్స్‌పీయే. దీనికి 64 మెగాబైట్ల ర్యామ్ కనీస అవసరం కాగా, 128 మెగాబైట్లు ఉండుట మేలని సంస్థ సూచించినది. 2004 ఆగస్టులో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ దానంతట అదే పనిచేయసాగినది. వాడుకరులకు ఎక్స్‌పీపై నమ్మకం కుదిరినది ముఖ్యంగా ఈ సర్వీస్ ప్యాక్ తరువాతనే.

విస్టా పట్ల విముఖత

విస్టా 2007 జనవరి 30న సాధారణ వినియోగదారులకు విడుదలైనది. దీనికి కనీసం 512 మెగాబైట్ల ర్యామ్, పూర్తి హంగులకు 1 గిగాబైటు కావలెను. 256 మెగాబైట్లతో ఎక్స్‌పీని హాయిగా నడిపిన యంత్రానికి ఇది మోయలేని బరువు. తెరను నడిపించు డ్రైవర్ల నమూనా కూడా మారుటచే పాత పరికరాలు కొన్ని పనిచేయలేదు. ప్రతి చిన్న మార్పుకు అనుమతి కోరు పద్ధతి పలువురికి విసుగు పుట్టించినది. విస్టా బిజినెస్, అల్టిమేట్ రకాలు కొన్నవారు తిరిగి ఎక్స్‌పీకి వెళ్ళుటకు మైక్రోసాఫ్టే వీలు కల్పించినది. ఎక్స్‌పీ చిల్లర అమ్మకాలు 2008 జూన్ 30తో ఆగినను, చవకైన చిన్న ల్యాప్‌టాప్‌లలో 2010 వరకు దానిని అమర్చనిచ్చినది. కావున ఆనాడు ఎక్స్‌పీని విడువనివారిని సోమరులనుట న్యాయం కాదు. వారి లెక్క సరియైనదే.

తెలుగు వాడుకరులు

తెలుగువారి విషయంలో ఈ ప్రశ్నకు మరొక పార్శ్వం కలదు. ఎక్స్‌పీతో గౌతమి అను యూనికోడ్ ఫాంటు వచ్చినను, సంక్లిష్ట లిపుల దస్త్రాలను కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రాంతీయ, భాషా ఐచ్ఛికాల ద్వారా విడిగా స్థాపించవలసి ఉండెను. ఇందుకు సాధారణంగా ఎక్స్‌పీ సీడీ అవసరమయ్యేది. అట్లు చేయనిచో గుణింతపు గుర్తులు, ఒత్తులు అక్షరాల నుండి విడిపోయి కనిపించెడివి. విస్టాలో ఈ సౌకర్యం మొదటినుండి అమర్చియే ఉన్నది. విండోస్ 7లో వాణి ఫాంటు కూడా చేరినది. అంతర్జాలంలో తెలుగు చదువువారికి కొత్త వ్యవస్థ ఆ విధంగా మేలు చేసినది.

డీటీపీ కేంద్రాల పరిస్థితి ఇందుకు విరుద్ధం. శుభలేఖలు, కరపత్రాలు కూర్చువారు పేజ్‌మేకర్‌ను, అను ఫాంట్లను విరివిగా వాడిరి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 తరువాత అడోబీ సంస్థ దానిని కొత్త సంఖ్యతో తేలేదు. ఈ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు అక్షర భాగాలు ఉండును. ఫాంటు లేని యంత్రంలో అదే పాఠం అర్థం లేని ఆంగ్ల అక్షరాల వరుసగా కనిపించును. ఏళ్ళ తరబడి కూర్చిన పుటలు ఇట్లు ఒక ఫాంటుకు, ఒక ప్రోగ్రాముకు కట్టుబడి ఉన్నవారికి నవీకరణ అనగా తమ పాత పనిని పణంగా పెట్టుటయే. అట్టివారు యంత్రాన్ని మార్చుటకు ముందే పాఠాన్ని యూనికోడ్‌లోనికి మార్చి భద్రపరచుట మంచిది.

మద్దతు ముగింపు

2009 ఏప్రిల్ 14న ప్రధాన మద్దతు, 2014 ఏప్రిల్ 8న భద్రతా సవరణలు నిలిచినవి. వాడుకరి ముందున్న లెక్క మారినది ఈ రెండవ తేదీతోనే. కొత్త విండోస్‌లో ఒక లోపాన్ని సరిచేసినప్పుడు, ఆ సవరణను పరిశీలించి అదే లోపం ఎక్స్‌పీలో ఉన్నదేమో దుండగులు కనుగొనగలరు. ఎక్స్‌పీకి మాత్రం సవరణ రాదు.

2017 మే 12న ప్రబలిన వాన్నక్రై సందర్భంలో మైక్రోసాఫ్ట్ అసాధారణంగా ఎక్స్‌పీకి కూడా సవరణ విడుదల చేసినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఈ దాడికి గురైనవి. అయితే ప్రపంచవ్యాప్తంగా దీని బారిన పడినవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలే. వాటికి మార్చిలోనే వచ్చిన సవరణను పలువురు స్థాపించుకొనలేదు. కొత్త వ్యవస్థ ఉన్నంత మాత్రాన రక్షణ కలుగదని దీనివలన తెలియుచున్నది. భారతీయ రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో ఏటీఎంలన్నిటిని మద్దతు గల వ్యవస్థలకు 2019 జూన్ లోగా దశలవారీగా మార్చవలెనని బ్యాంకులను ఆదేశించినది.

అంతర్జాలానికి కలపక, ఒకే పనికి వాడు ఎక్స్‌పీ యంత్రాన్ని ఉంచుకొనవచ్చును. కాని పెన్ డ్రైవ్ ద్వారా కూడా వైరస్‌లు చేరును.

మార్పు విధానం

ఎక్స్‌పీపై విస్టాను నేరుగా స్థాపించవచ్చును. విండోస్ 7కు అట్టి మార్గం లేదు. పాత విభాగాన్ని చెరపకుండా స్థాపించినచో పాత దస్త్రాలు విండోస్.ఓల్డ్ అను సంచయంలో మిగులును. ప్రోగ్రాములను మాత్రం తిరిగి స్థాపించవలెను. ముందుగా మరొక డిస్కుపై నకలు తీయుట తప్పనిసరి. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడువవు. పాత ప్రోగ్రాముల కొరకు విండోస్ 7 ప్రొఫెషనల్, ఆపై రకాలలో ఎక్స్‌పీ మోడ్ అను సౌకర్యం కల్పించబడినది.

తరువాతి పరిణామాలు

విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసినది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా సౌకర్యం, కొత్త తరపు ప్రాసెసరు అవసరమగుటచే, చక్కగా పనిచేయుచున్న యంత్రాలు అనేకం దానికి అర్హం కాలేదు. విండోస్ 10 గృహ వినియోగదారులు నమోదు చేసుకొన్నచో 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పొందుటకు మైక్రోసాఫ్ట్ ఏర్పాటు చేసినది. అట్టి యంత్రాలపై లినక్స్‌ను స్థాపించుకొనుట మరొక మార్గం.