నేరస్థుడని ముద్రపడిన కావలివాడు

మా చిన్ననాట మా పల్లెలో కేన్సరు అన్న మాట వినబడేది కాదు. రాచపుండు అనేవారు. ఆ పేరు పలికేటప్పుడు పెద్దలు గొంతు తగ్గించేవారు. వైద్యశాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. ముప్పది యేండ్లు తెలుగు వ్యాకరణం, ఛందస్సు బోధించి విశ్రాంతి పొందినవాడను. అయినప్పటికీ ఆ వ్యాధి పరిశోధన చరిత్రలో ఒక ఘట్టం చదివినప్పుడు అది మా శాస్త్రానికి దగ్గర చుట్టమనిపించింది. తాళపత్ర ప్రతిలో లేఖకుని తప్పును కవి పాఠమని నమ్మి, దానికి వ్యాఖ్య వ్రాసిన పండితుల కథ వంటిదది.

1979వ సంవత్సరం. ఎస్‌వీ40 అనే కోతుల వైరస్ కణాలను కణితి కణాలుగా ఎట్లా మారుస్తుందో శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారు. ఆ వైరస్ ప్రోటీనును కణాలనుండి వెలికి తీసినప్పుడల్లా దానిని అంటిపెట్టుకొని మరొక ప్రోటీను వచ్చేది. లండనులో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్; ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవీన్, డేనియల్ లింజర్; ఫ్రాన్సులో పియర్ మే బృందం దానిని గుర్తించారు. న్యూయార్కులో లాయిడ్ ఓల్డ్ బృందం వేరొక మార్గాన అక్కడికే చేరింది. తూకం సుమారు 53 వేల డాల్టనులుగా కనిపించినందున దానికి పీ53 అని పేరు స్థిరపడింది. నిజానికి అందులో ఉన్నవి 393 అమైనో ఆమ్లాలు. అసలు తూకం 44 వేలకు లోపే. నామకరణంలోనే ఒక పొరపాటు దొరలిందన్నమాట.

అంతకన్న పెద్ద పొరపాటు తరువాత జరిగింది. కణితి కణాలలో పీ53 మెండుగా కనిపించేది. 1984లో ఈ జన్యువును రాస్ అనే మరొక జన్యువుతో కలిపి ఎలుక కణాలలో ప్రవేశపెట్టగా అవి కణితి స్వభావం పొందాయి. ఇంకేమి! పీ53 కేన్సర్ కారక జన్యువని లోకం నిశ్చయించుకొంది. సందేహానికి తావిచ్చే సాక్ష్యాలు లేకపోలేదు. హెచ్‌ఎల్‌-60 అనే రక్తకేన్సరు కణాలలో ఆ జన్యువు చాలావరకు లోపించి ఉందని 1985లో తెలిసింది. నేరం జరిగిన చోట నేరస్థుడే లేడు! అయినా ముద్ర చెరగలేదు.

1989లో తెర తొలగింది. బాల్టిమోరు నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయాన బెర్ట్ వోగెల్‌స్టైన్, సుజాన్ బేకర్ ప్రభృతులు పెద్దప్రేవు కేన్సరులను పరీక్షించారు. వాటిలో 17వ క్రోమోజోము పొట్టి భుజంలో ఒక ముక్క తరచు పోయేది. దానితోపాటు పీ53 జన్యువు ప్రతి ఒకటి పోగా, మిగిలిన రెండవ ప్రతిలో అక్షరదోషం కనిపించింది. అదే ఏట ప్రిన్స్‌టన్‌లో లెవీన్ బృందం, దోషం లేని పీ53 కణాలు కణితిగా మారడాన్ని అడ్డుకొంటుందని నిరూపించింది. ముందు వాడిన ప్రతులే మార్పు చెందినవి! పైగా నాలుగు పీ53 అణువులు జట్టుగా పనిచేస్తాయి. జట్టులో చెడ్డది చేరితే మంచివాటి పనిని సైతం చెడగొడుతుంది. అందుకే దోషపాఠం అపరాధిలా కనిపించింది.

మరి శుద్ధపాఠం చేసే పని ఏమిటి? మామూలు వేళల్లో ఎండీఎం2 అనే మరొక ప్రోటీను పీ53ని ఎప్పటికప్పుడు తొలగిస్తుంటుంది. కణంలోని డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఆ పట్టు సడలి పీ53 పోగవుతుంది. పీ21 వంటి జన్యువులను మేల్కొలిపి కణవిభజనను ఆపుతుంది; మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. మరమ్మతు సాధ్యం కానినాడు ఆ కణం తనంత తాను నశించేటట్లు చేస్తుంది. 1992లో డేవిడ్ లేన్ దీనిని జన్యుసంపదకు కావలివాడన్నాడు. మానవుని కేన్సరులలో ఇంచుమించు సగంలో ఈ జన్యువుకు దోషం ఉంటుందని నేడు తెలుసు.

ఈ దిద్దుబాటు కేవలం పండితుల వినోదం కాదు. పసివారు, పడుచువారు వరుసగా రకరకాల కేన్సరులకు బలైపోయే కుటుంబాలను 1969లో ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రామెనీ వర్ణించారు. అటువంటి కుటుంబాలలో వంశపారంపర్యంగా వచ్చే పీ53 దోషం ఉన్నదని 1990లో తేలింది. విధివ్రాత అనుకొన్నది పరీక్షకు అందింది. ముందే కనిపెట్టి చికిత్స చేసే అవకాశం కలిగింది. హెచ్‌పీవీ అనే వైరస్ తన ఈ6 ప్రోటీను ద్వారా పీ53ని నాశనం చేయిస్తుందని సైతం ఆ ఏడే వెల్లడైంది. గర్భాశయ ముఖద్వారపు కేన్సరు చాలావరకు ఆ వైరస్ చలవే. నేడు దానికి టీకా ఉంది.

మా మేనత్త ఆ జబ్బుతోనే పోయింది. పూర్వజన్మ పాపమన్నారు ఇరుగుపొరుగువారు. ఆమె దానిని నమ్మి, తలవంచుకొనే కన్ను మూసింది. కాదనడానికి అప్పుడు నాకు తెలివి లేదు. ఆమెపై వేసిన నింద సైతం ఒక తప్పుడు పాఠమే.

పీ53ని 1979లో కనుగొన్నవారిలో లెవీన్ ఒకడు. పదేండ్లకు దానిపై నిందను తుడిచినవారిలోనూ ఒకడు. తాను నమ్మిన ప్రతిని తానే పరిష్కరించుకొన్నాడు. మా పండితులలో ఎందరికి అబ్బిన గుణమది? నన్ను కూడా కలుపుకొనే అడుగుతున్నాను.