ఆముదం నుంచి పదివేల కిలోమీటర్ల దాకా

వాడిన కారు కొన్న ప్రతివారికీ మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలి? మెకానిక్కు మూడువేల కిలోమీటర్లంటాడు. పక్కింటాయన ఐదువేలంటాడు. కారుతోపాటు చేతికొచ్చిన పుస్తకంలో పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. మూడు వేర్వేరు కాలాలలో నిలబడి మాట్లాడుతున్నారంతే. ఈమధ్య నేనూ ఎనిమిదేళ్ళ వయసున్న కారొకటి కొన్నాను. ఆ సందర్భంగా ఈ అంకెలు ఎక్కడ పుట్టాయో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. దొరికిన సంగతులు మీ ముందుంచుతున్నాను.

ఈ విద్యకు మన భాషలో ఉన్న పాత మాట కందెన. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి పూసేవారు. ఇరుసు కిర్రుమంటే పూయవలసిన వేళయిందని అర్థం. దూరంతో పనిలేదు, చెవే కొలత. పాలమూరు, నల్లగొండ మెట్టభూముల్లో ఒకప్పుడు విస్తారంగా పండిన ఈ ఆముదానికి మోటారు చరిత్రలోనూ చోటున్నదంటే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో లండనులో ఒక కంపెనీ పెట్టి రైళ్ళకు, భారీ యంత్రాలకు కందెనలు అమ్మేవాడు. కార్లకు, విమానాలకు పనికివచ్చేలా ఆముదం కలిపి ఆ కంపెనీ తయారుచేసిన నూనెకు 1909లో కాస్ట్రాల్ అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆముదాన్ని కాస్టర్ అంటారు కదా, ఆ పేరు అక్కడినుంచే వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఎగిరిన రోటరీ విమాన ఇంజన్లలో ఆముదమే పోసేవారు. అది పెట్రోలులో సులభంగా కరగదు, అదే దాని గొప్ప. అయితే ఆ ఇంజన్లలో ఒకసారి పోసిన నూనె మళ్ళీ తిరిగివచ్చేది కాదు. లోపల పని ముగించుకుని పొగతోపాటు బయటికి చిమ్మేది. పాత నూనె మిగలని చోట దాన్ని మార్చడమనే మాటే లేదు. ఇంజను అడుగున నూనెను నిలవపెట్టి అదే నూనెను పదే పదే తిప్పి వాడుకునే పద్ధతి ఉన్నచోటే అది ఎన్నాళ్ళకు పాడవుతుందన్న లెక్క అవసరమైంది.

అసలు ఎందుకు పాడవుతుంది? ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో చాలాభాగం ఆవిరై పొగగొట్టం దారిన పోతుంది. కొద్దిభాగం మాత్రం పిస్టను రింగుల సందుల్లోంచి దిగి ఆయిలులో కలుస్తుంది. దాని వెంట మసి, కాలని పెట్రోలు, ఆమ్లాలు కూడా చేరతాయి. ఇంజను బాగా వేడెక్కేదాకా నడిస్తే ఆ నీరు ఆవిరైపోతుంది. రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే అక్కడే ఉండిపోతుంది. ఈ చెత్త పేరుకుని జిగురుమడ్డిగా మారితే ఆయిలు పైకెక్కే జల్లెడ మూసుకుపోతుంది. ఆ తరువాత ఇంజను బోరుకు రావడానికి ఎన్నాళ్ళో పట్టదు.

1908లో వచ్చిన ఫోర్డు మోడల్-టి కారును చూడండి. దానికి ఆయిలు పంపు లేదు, ఫిల్టరు లేదు, మట్టం చూసే కడ్డీ కూడా లేదు. తిరిగే చక్రం చిమ్మిన నూనే ఇంజనంతటికీ ఆధారం. మట్టం తెలియాలంటే కారు కిందికి దూరి, అక్కడున్న రెండు చిన్న కుళాయిలు తిప్పి, నూనె ఏ కుళాయి దాకా ఉన్నదో చూసుకోవాలి. కొత్త కారుకు మొదటి 400 మైళ్ళకు, ఆ పైన సుమారు 750 మైళ్ళకొకసారి నూనె మార్చాలని ఫోర్డు వారి పుస్తకం చెప్పింది. అంటే మన లెక్కలో 1200 కిలోమీటర్లు. పాత నూనె దింపాక కిరసనాయిలు పోసి లోపల కడగమని కూడా అందులో రాశారు.

ఆ 750 మైళ్ళు మెల్లమెల్లగా పెరిగిన తీరే ఈ చరిత్రలో అసలు ఘట్టం. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు 1923లో కారుకు ఆయిలు ఫిల్టరు కనిపెట్టి ప్యూరొలేటర్ అని పేరుపెట్టారు. 1930లు, 40లలో మసిని అడుగున పేరుకోనివ్వకుండా నూనెలోనే తేలియాడించే మందులు, లోహం అరగకుండా కాచే జింకు సమ్మేళనాలు వచ్చాయి. 1947లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ మోటారు నూనెలను మూడు తరగతులుగా విభజించింది. 1950లలో చలికీ వేడికీ ఒకటే పనిచేసే మల్టీగ్రేడ్ నూనెలు వ్యాపించాయి. డబ్బా మీద 10డబ్ల్యు-30 అని ఉంటే ఆ డబ్ల్యు చలికాలానికి గుర్తు. 1974లో మొబిల్-1 అనే సింథటిక్ ఆయిలు, 25,000 మైళ్ళు లేదా ఒక ఏడాది దాకా మార్చనక్కరలేదన్న ప్రకటనలతో బజారులోకి వచ్చింది.

ఇంధనమూ మారింది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్మాలన్నారు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 వచ్చేసరికి గంధకం పదిలక్షల పాళ్ళలో పదికి దిగింది. కార్బ్యురేటరు, చోకు పోయి ఇంజెక్షను వచ్చాక, చల్లని ఇంజనులో ఎక్కువైన పెట్రోలు కారి ఆయిలును పలచబరచడం తగ్గింది. అంబాసిడరు, పద్మిని కార్ల మీద చెయ్యి తిరిగిన గురువు దగ్గర పని నేర్చుకున్న మెకానిక్కు చెప్పే అంకె ఆ కాలానికి అక్షరాలా నిజం. అమెరికాలోనూ ఇదే తంతు. నూనెలు మెరుగైన తరువాత కూడా ఆయిలు మార్చే దుకాణాలు 3000 మైళ్ళనే జపిస్తుంటే, ఆ లెక్క పాతబడిందనీ, వృథా ఆయిలు భూమికి చేటనీ, మీ కారు పుస్తకం చూసుకోండనీ కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ ప్రచారం చేయవలసి వచ్చింది.

అలాగని పుస్తకంలోని పదివేలను గుడ్డిగా పట్టుకోవడమూ సరికాదు. అదే పుస్తకంలో వెనక పేజీల్లో చిన్న అక్షరాలతో కఠిన పరిస్థితుల పట్టిక ఉంటుంది: దుమ్ము, ఎండ, దగ్గర ప్రయాణాలు, ఆగి ఆగి నడిచే రద్దీ. మన నగరాల్లో ఉదయం ఆఫీసుకు వెళ్ళడమంటే ఇవన్నీ కలిసి రావడమే. ట్రాక్టరు నడిపే రైతు సర్వీసును గంటల్లో లెక్కపెడతాడు, ఎందుకంటే పొలంలో దూరానికి అర్థం లేదు. ఆ కొలత కారుకూ పెట్టి చూడండి. గంటకు సగటున 60 కిలోమీటర్ల చొప్పున జాతీయ రహదారి మీద పదివేలు తిరిగితే ఇంజను 167 గంటలు పనిచేసినట్టు. రద్దీలో 20 చొప్పున తిరిగితే 500 గంటలు. మీటరు మాత్రం రెండింటికీ ఒకటే అంకె చూపిస్తుంది.

వాడిన కారు విషయంలో ఆ మీటరునూ పూర్తిగా నమ్మలేము. శాసన పరిశోధకులు కూటశాసనాల సంగతి చెబుతుంటారు. తిప్పిన మీటరు కూడా అలాంటిదే. నా కారు సర్వీసు పుస్తకంలో మూడో సర్వీసు తరువాత అన్నీ ఖాళీ పేజీలే. అరిగిన పెడలు రబ్బరు, నునుపుదేరిన స్టీరింగు మీటరు కంటే నిజాయితీగా మాట్లాడాయి. ఎన్నో ఏళ్ళ పొదుపుతో మొదటి కారు కొనుక్కునే కుటుంబానికి ఆ ఖాళీ పేజీల ఖరీదు ఇంజను బోరు ఖర్చంత కావచ్చు.

అందుకని గతం తెలియని బండికి కొత్త శకం ప్రారంభించాలి. నేను చేసినది చెబుతాను. పాత ఆయిలు ఎంత శుభ్రంగా కనిపించినా, ఇంజను వెచ్చగా ఉండగా దింపించి, ఫిల్టరు మార్పించి, పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించాను. లోపల పేరుకున్న మసి కొత్త ఆయిలులోకి దిగుతుంది కనుక తరువాతి మార్పు ఐదువేలకు లేదా ఆరునెలలకు పెట్టుకున్నాను. ఆ పైన పుస్తకం మాట. తేమ పీల్చుకునే బ్రేకు ఆయిలు రెండేళ్ళు దాటకుండా మార్చాలి గనుక దాన్నీ, కూలెంటునూ మార్పించాను. టైమింగు బెల్టు ఉన్న ఇంజను అయితే అది కిలోమీటర్లతోపాటు వయసుకూ పాడయ్యే రబ్బరు. పాత రశీదు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి.

ఇక చివరి పని అన్నిటికన్నా చవక. తేదీ, మీటరు అంకె, పోసిన ఆయిలు పేరు ఒక నోటుపుస్తకంలో రాసి, రశీదు అందులో అంటించి బండిలోనే ఉంచాలి. ఏదో ఒకనాడు ఈ కారు మరొకరి చేతికి వెళుతుంది. వారికి తాళాలతోపాటు దాని చరిత్ర కూడా అందుతుంది.