తొలివేట

తమిళదేశమున పెద్ద శివాలయము దేనికి పోయినను, ప్రాకారములో అఱువదిముగ్గురు నాయనార్ల విగ్రహములు వరుసగా నిలిచియుండును. వారిలో విల్లు ధరించిన బోయ యొకడు కలడు. ఆతడే కణ్ణప్ప నాయనారు, మన తిన్నడు. మన పిల్లలు ప్రదక్షిణము చేయుచు ఆ విగ్రహము ముందునుండియే పోవుదురు గాని, ఆతడు తెలుగుసీమవాడని వారికి చెప్పువారు అరుదు. కంటికి కన్ను పెట్టిన భక్తికథను మనమందఱమును హరికథలలో వినియే యున్నాము. దానికి ముందు జరిగిన ముచ్చట, అనగా వయసు వచ్చిన యువకుడొకడు మొట్టమొదటిసారి వేటకు బయలుదేఱిన వృత్తాంతము, ఎవరును అంతగా పట్టించుకొనలేదు. చరిత్ర తెలియగోరువారికి ఆ భాగమే విలువగలది. క్రొత్తవాడు వేటలో ఎట్లు అడుగు పెట్టును, వానికి ఎవరు నేర్పుదురు, ఏమి చేయవద్దందురు అను సంగతులు మన ప్రాచీనగ్రంథములలో ఇంత వివరముగా దొరకు చోట్లు కొలదియే.

పండ్రెండవ శతాబ్దమున రెండవ కులోత్తుంగ చోళుని కాలమున శేక్కిళారు తమిళమున పెరియపురాణమును రచించెను. అందు తిన్నని ఊరు పొత్తప్పినాటిలోని ఉడుప్పూరు. ఈ పొత్తపి మన తెలుగుచోడుల శాసనములలో కనబడు సీమయే. నేటి నందలూరు, రాజంపేట ప్రాంతము. తెలుగున పాల్కురికి సోమనాథుడును, తరువాత కృష్ణదేవరాయల కాలపు ధూర్జటియు ఈ కథను చెప్పిరి. తండ్రి నాగుడు బోయలకు నాయకుడు. కుమారుని ఎకాయెకి అడవికి తోలలేదు. మంచి దినము చూచి, చుట్టుపట్ల బోయలనందఱిని పిలిచి, విలువిద్య తెలిసిన గురువు చేత విల్లు పట్టించెను. అస్త్రాభ్యాసము ముగిసి పదునాఱవ యేడు వచ్చిన తరువాతనే వేట. అదియైనను వినోదమునకు గాదు. నాగుడు వృద్ధుడయ్యెను, అడవిమృగములు పైరులను పాడుచేయుచుండెను, బోయలు వచ్చి మొఱ పెట్టుకొనిరి. అప్పుడు ఆ ముసలివాడు నాయకత్వమును కుమారునికి అప్పగించి, దేవరను కొలుచు వృద్ధస్త్రీని పిలిపించి ఆశీర్వాదము చేయించి పంపెను. పంట కాపాడుట కొఱకు ఊరివారందఱు కలసి అప్పగించిన పని యది.

ఆ వేటను వర్ణించుచు కవి చెప్పిన మాటయొకటి నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. ఆ బోయలు ఏనుగు గున్నలను తఱుమలేదట. చిన్న పిల్లలను చంపలేదట. చూలుతో అడుగు తడబడు ఆడుమృగములను బాధింపలేదట. ఎదిరించి వచ్చు క్రూరమృగములనే కొట్టిరి. కవి శివభక్తుడు, వేటగాడు కాడు. అయినను ఈ నియమమును అడవివారి నోటనే విని యుండవలెనని నా యూహ. దొరతనమువారు వేటకు ఋతువులు నిర్ణయించి చట్టములు చేయుటకు ఏడువందల యేండ్లకు పూర్వమే ఈ కట్టుబాటు గ్రంథస్థమైనది. తరువాతి కాలమున తుపాకులు పట్టి వచ్చిన పెద్దమనుష్యులు మన బోయలను అనాగరికులనిరి. చూలుమృగమును విడిచిపెట్టినవాడు అనాగరికుడైనచో, పులితోళ్ళను లెక్కపెట్టి గోడకు వ్రేలాడదీసినవానిని ఏమనవలెనో పాఠకులే చెప్పవలెను.

ఇక కథలో అసలు పరీక్ష. పెద్ద పందియొకటి వలలు త్రెంచుకొని పాఱిపోయెను. గుంపులోనివారందఱు వెనుకబడిరి. తిన్నడును, నాణుడు, కాడుడు అను ఇద్దఱు చెలికాండ్రును మాత్రమే దాని జాడ పట్టి పోయిరి. పంది అలసి చెట్టునీడను నిలువబడెను. తిన్నడు దానిని బాణముతో గాక, దగ్గఱకు పోయి కత్తితో నఱికెను. తరువాత దప్పిక, నీటికై స్వర్ణముఖి యొడ్డు, ఎదుట కాళహస్తి కొండ. ఆ కొండ యెక్కినవాడు మఱి యింటికి రాలేదు. తండ్రి వచ్చి పిలిచినను కదలలేదు. ఆతని తొలివేటయే కడపటి వేట యైనది.

వేట మంచిదా చెడ్డదా యను తర్కము మన పూర్వులలో నేడు పుట్టినది కాదు. మనువు మద్యమును, జూదమును, స్త్రీలను, వేటను రాజులకు మిక్కిలి చెఱుపు చేయు వ్యసనములలో చేర్చెను. కౌటిల్యుడు కొంత వేఱు. జూదము కంటె వేట చెడ్డదని పిశునుడు వాదింపగా, కౌటిల్యుడు ఒప్పుకొనలేదు. వేటలో వ్యాయామము కలదు, క్రొవ్వు తగ్గును, కదలని గుఱినే గాక కదలు గుఱిని గూడ కొట్టుట అలవడును, కోపభయములలో మృగముల మనస్సు ఎట్లుండునో తెలియును అని ఆయన సమాధానము. వేట నేర్వదలచినవానికి పనికివచ్చు పాఠములు మాత్రము శాస్త్రములలో కంటె ఇతిహాసములలో ఎక్కువ. దశరథుడు యువకుడై యుండగా సరయూతీరమున చీకటిలో కడవ మునుగు చప్పుడు విని ఏనుగనుకొని బాణము వేసెను, మునికుమారుడు మరణించెను. కంటికి కనబడని దానిని కొట్టరాదనుటకు ఇంతకు మించిన పాఠము లేదు. పాండురాజు జతగూడి యున్న లేళ్ళను కొట్టి శాపము తెచ్చుకొనెను. పరీక్షిత్తు వేటలో అలసి, దప్పికచే వివేకము చెడి, శమీకముని మెడలో చచ్చిన పామును వేసెను. ఈ మూడు కథలు తెలిసినవానికి వేటలో చేయరాని పనులు సగము తెలిసినట్లే.

ఇక మన భాష సంగతి. వేట యను చిన్నమాట చుట్టును ఎంత పెద్ద సంసారమున్నదో చూడుడు. మాటు, మంచె, జాడ, ఉచ్చు, వల, బోను, బరిసె, ఈటె, జాగిలము, డేగ. జంతువులలో దుప్పి వేఱు, కణుజు వేఱు, ఇఱ్ఱి వేఱు, లేడి వేఱు. పొరుగుభాషల బడులలో చదివిన మన పిల్లలు వీనినన్నిటిని నేడు జింక యను ఒక్కమాటతో సరిపెట్టుచున్నారు. విజయనగరమును ఏలిన సాళువ వంశము పేరు వేటడేగ పేరే. కల్యాణపుర చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున సంస్కృతమున కూర్చిన మానసోల్లాసమున కుక్కలతోను, డేగలతోను ఆడు వేటలకును, మృగముల వేటకును, చేపల వేటకును వేఱువేఱు ప్రకరణములు కలవు. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను చదివినవారు, ఆ కవి బోయపల్లెలను దగ్గఱనుండి చూచినవాడే యని అనుకొనక మానరు.

దక్షిణమునకు వలస వచ్చిన మనవారు ఈ వేటసామగ్రిని వెంట తెచ్చుకొనిరి. రాజపాళయపు రాజులు విజయనగర కాలమున తెలుగునాటినుండి వచ్చినవారు. నేటికిని ఇంట తెలుగు మాటాడుదురు. మద్రాసు ముఖ్యమంత్రిగా నుండి, పిమ్మట ఒరిస్సా గవర్నరైన పి. ఎస్. కుమారస్వామిరాజాగారు ఆ యూరివారే. ఆ యూరి తెల్లని వేటకుక్క అడవిపంది వేటకు ప్రసిద్ధి కెక్కినది. 2005 జనవరి 9వ తేదీన భారత తపాలాశాఖ నాలుగు జాతికుక్కల బిళ్ళలు వెలువరించినప్పుడు ముధోలు కుక్కతోపాటు రాజపాళయము కుక్కకును చోటు దొరకినది. పాంచాలంకుఱిచ్చి కోట పుట్టుకకు గూడ వేటకథయే చెప్పుదురు. కుందేలొకటి ఏడు వేటకుక్కలను ఎదిరించి తఱిమినదట. ఆ నేలలో పౌరుషమున్నదని కట్టబొమ్మని పూర్వులు అచ్చట కోట కట్టిరట. హంపి విషయమునను ఇట్టి కథయే యున్నది. ఒకే కుందేలు ఇన్ని రాజధానులను ఎట్లు చూపినదని నవ్వువారు నవ్వవచ్చును. కథ నిజము గాకపోవచ్చును గాని, వేటను జీవితముగా గలవారే ఇట్టి కథను మోసుకొని తిరుగుదురు.

1799 అక్టోబరు 16వ తేదీన కయత్తాఱులో కట్టబొమ్మని ఉరితీసిరి. 1801లో పాళెగాండ్ర రెండవ యుద్ధము ముగియగానే కుంపిణీవారు కోటలను పడగొట్టించి, ప్రజల ఆయుధములను అప్పగింపుమనిరి. వేట చరిత్రలో ఈ సంవత్సరమును గుర్తుంచుకొనవలెను. యుద్ధమునకు పట్టు ఈటెయు, పందిని పొడుచు ఈటెయు ఒకటియే గదా! 1857లో ఆయుధములు అప్పగింపవలెనను శాసనమునకు లోబడక, ముధోలు సమీపమున హలగలి గ్రామపు బేడరులు తిరుగబడి ప్రాణములు కోల్పోయిరి. బేడరులనగా మన బోయలకు కన్నడదేశపు దాయాదులు. వారి శౌర్యమును గుఱించిన లావణీలు కన్నడమున నేటికిని పాడుదురు. అటుపిమ్మట 1878లో ఆయుధముల చట్టము, 1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చినవి. మొదటిది ఆయుధమునకు లైసెన్సు కావలెననినది, రెండవది రక్షితారణ్యములో వేటకు అనుమతి కావలెననినది. రెండును లేనివాడు తాతలనాటి కొండలోనే దొంగవేటగాడయ్యెను.

అటు తొలివేట మఱియొకరి చేతికి పోయెను. నీలగిరులలో 1877లో దొరలు వేటసంఘమును స్థాపించుకొనిరి. 1879లో ఆ జిల్లాకు ప్రత్యేకచట్టము చేయించిరి. ఆ సంఘమే తరువాత వన్యప్రాణిసంరక్షణ సంఘముగా మాఱినది. అది వేఱు కథ. అప్పుడు క్రొత్తగా వేట నేర్వగోరు ఉద్యోగి లైసెన్సు పుచ్చుకొని, తుపాకి కొని, అడవికి పోయి మొట్టమొదట వెదకునది ఎవరిని? జాడ తెలిసిన అడవిమనిషిని. బెంగుళూరులో నివసించిన కెన్నెత్ ఆండర్సన్ తన వేటపుస్తకములలో బైరా యను పూజారికులస్థుని తనకు అడవి నేర్పిన గురువుగా చెప్పుకొనెను. 1954లో వెలువడిన ఆయన తొలిపుస్తకమున తిరుపతికి సమీపమునగల చామలలోయ పులికథ యున్నది. తిన్నడు తిరిగిన కొండలకు అది ఎంతో దూరము గాదు. ఆండర్సన్ ఆ ఋణమును దాచలేదు, సంతోషమే. అట్లు చెప్పుకొనని దొరలెందఱో! నేర్పినవాడు బోను వేసినచో నేరము, నేర్చినవాడు పులిని కొట్టినచో పేరు. గురుదక్షిణగా బొటనవ్రేలు ఇచ్చిన ఏకలవ్యుని కథ ఈ చోట తలక్రిందులైనది; ఇచ్చట గురువులే తమ వ్రేళ్ళను పోగొట్టుకొనిరి.

నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా నున్న దినములలో పంటరక్షణకై ఇచ్చు తుపాకి లైసెన్సుల దస్తరములు నా బల్లమీదుగా పోవుచుండెడివి. దరఖాస్తులలో కారణము అన్నిటను ఒకటియే: అడవిపందులు పైరును త్రవ్వుచున్నవి. నాగునియొద్దకు వచ్చిన బోయల మొఱయు అదియే గదా యని అప్పుడప్పుడు తోచెడిది. లైసెన్సుదారుడు మరణించిన తరువాత, కుమారుడు పట్టణములో ఉద్యోగి యగుటచే, తుపాకిని ఠాణాలో అప్పగించి రసీదు జతచేయుట సాధారణమైపోయినది.

వేట నేర్చుకొందునని నేడెవడైనను అన్నచో ఆతనికి చెప్పవలసిన మొదటి సంగతి చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత కూడ కొన్ని జంతువులకు లైసెన్సుమీద వేట యుండెను. 1991 సవరణతో అదియు ముగిసినది. పులివంటి మొదటి పట్టికలోని మృగమును చంపినవానికి మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్ల వరకు ఖైదు. మనుష్యులకు అపాయకరమైన మృగమును కొట్టవలెనన్నను అధికారి వ్రాతపూర్వకమైన యుత్తరువు కావలెను. ఈ చట్టము సరియైనదనియే నా యభిప్రాయము. అడవియే తఱిగిన తరువాత వేట హక్కు గుఱించి వాదించి ప్రయోజనము లేదు. అయితే జాడ చూచు విద్య నిషిద్ధము కాలేదు. నాగార్జునసాగరము, శ్రీశైలము పులుల అభయారణ్యమున చెంచులు నేడు పులి అడుగులను గుర్తించి కాపాడు పనిలో నున్నారు. ఆ విద్య తాతలు వేటకు నేర్పినదే.

దేవుళ్ళు మాత్రము వేట మానలేదు. తిరుమలలో కనుమనాడు మలయప్పస్వామి పారువేట మంటపమునకు వేంచేయును. అహోబిల నరసింహుడు సంక్రాంతి తరువాత సుమారు నలువది దినములు పల్లెపల్లెకు పారువేటకు పోయి, చెంచులక్ష్మి పుట్టింటివారిని పెండ్లికి పిలుచునని చెప్పుదురు. తమిళదేశపు ఆలయములందును పరివేట్టై యున్నది. మన పిల్లలను అచ్చటికి తీసికొనిపోయినచో పిలుపు ఎవరు ఎవరికి చేయుచున్నారో చెప్పుడు.

మఱియొక చోట వేట యను మాట ఇంకను బ్రదికియున్నది. యానాములోను, ఒరిస్సాలో పూరీ, గోపాలపురము సముద్రతీరములయందును స్థిరపడిన మన వాడబలిజలు, జాలరులు సముద్రమునకు పోవుటను వేటకు పోవుట యనియే అందురు. వారికిని చూలుమృగమును విడుచు నియమము కలదు. ఇప్పుడది ప్రభుత్వపుటుత్తరువుగా వచ్చుచున్నది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని యేటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు తూర్పుతీరమున యంత్రపు పడవల వేట ఆపుదురు. ఆ అఱువదియొక్క దినములు పడవలు ఒడ్డున నుండును, వలలు బాగుచేసికొందురు, కూలి కొఱకు కొందఱు ఊళ్ళు పోవుదురు. గడువు తీఱగానే పడవలు మరల బయలుదేఱును. వానిలో ఆ యేడే తొలిసారి వేటకు పోవు కుఱ్ఱవాండ్రును ఉందురు.