హైదరాబాదీ దుస్తులు: షేర్వానీ నుంచి ఖడా దుపట్టా వరకు

నిజాం కాలంలో దక్కన్‌లో రూపుదిద్దుకున్న వేషధారణనే హైదరాబాదీ దుస్తులంటారు. ఇందులో మొఘల్, తుర్కీ, యూరప్ పద్ధతులు, ఇక్కడి నేత కలిసిపోయాయి.

షేర్వానీ: మెడ దగ్గర మూసి ఉండే కాలర్, ముందు గుండీలు, మోకాళ్ల దాకా పొడవు. దర్బారుకు వెళ్లేవాళ్లు తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ అనే పట్టీ కట్టేవాళ్లు. ముస్లిములే కాదు, హిందూ అధికారులు, జాగీర్దార్లు కూడా షేర్వానీ తొడిగేవాళ్లు. అందుకే దీన్ని ఒక్క మతం దుస్తులు అనడం చరిత్రకు సరిపోదు. ఎర్రని రూమీ టోపీ మాత్రం ఉస్మానీ తుర్కీ నుంచి వచ్చింది.

మష్రూ: ఈ మాటకు 'షరీఅత్ అనుమతించినది' అని అర్థం. మగవాళ్లు అచ్చమైన పట్టు తొడగకూడదు కాబట్టి, పైకి పట్టు మెరిసేలా, ఒంటికి నూలు తగిలేలా దీన్ని నేశారు.

అబిడ్స్: ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) దగ్గర ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మీనియన్ యూదుడు పనిచేసేవాడు. నిజాం దుస్తుల బాధ్యత ఆయనదే. ఆయన పెట్టిన దుకాణం వల్లే ఆ వీధికి అబిడ్స్ అన్న పేరొచ్చింది. ఆ నిజాం దుస్తులు పెట్టిన రెండంతస్తుల చెక్క బీరువాను పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో చూడొచ్చు.

ఖడా దుపట్టా: పెళ్లికూతురి దుస్తులు. కుర్తా, చుడీదార్ మీద 6 గజాల దుపట్టా చుడతారు. చింతాక్, ఝూమర్, కరన్‌ఫూల్, సత్‌లడా దీనికి తోడు నగలు. 1931లో నిజాం కోడళ్లుగా వచ్చిన తుర్కీ రాకుమార్తెలు దుర్రె షెహ్వార్, నీలోఫర్ చీరకట్టును ఇష్టంగా నేర్చుకున్నారు.

నాంపల్లి: ఇక్కడి పబ్లిక్ గార్డెన్స్‌లో 1938లో నుమాయిష్ మొదలైంది. స్థానిక సరుకును జనానికి చూపించడమే దాని ఉద్దేశం. ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరిగే ఈ మేళాకు కశ్మీరీ శాలువాలు, లఖ్నవీ చికన్ బట్టలు కూడా వస్తాయి.

ఇంట్లో దాదీ, నానీ కాలం నాటి జరీ బట్టలుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు. ఉతికిన మెత్తని నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చాలి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే బట్ట అక్కడే చిరుగుతుంది. అది ఎవరి పెళ్లిదో, ఏ ఏడాదిదో ఒక చీటీ మీద రాసి పక్కన పెడితే, మనవరాళ్లకు బట్టతో పాటు ఆ కథ కూడా దక్కుతుంది.