టర్బోప్రాప్ విమానాలు: తెలుగు నేల మీద పాత ఫొటోలు, జ్ఞాపకాలు

టర్బైన్ ఇంజన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పుకుంటూ ఎగిరే విమానాన్ని టర్బోప్రాప్ అంటారు. పిస్టన్ ఇంజన్ల డకోటాల తర్వాత, జెట్ విమానాలు అన్ని ఊళ్లకూ చేరకముందు, దేశంలో చాలా విమాన ప్రయాణాలు వీటి మీదే సాగాయి. చిన్న రన్‌వే చాలు, ఇంధనం తక్కువ తాగుతాయి. ఈ విమానాల పాత ఫొటోలు సేకరించి, ఏది ఏ విమానమో తేల్చి, ఎక్కినప్పటి ముచ్చట్లు కలబోసుకోవడం ప్రపంచమంతటా పెద్ద వ్యాపకం. తెలుగునాట ఈ వ్యాపకానికి ముడిసరుకే కరువు.

ఆ కరువుకు ఒక కారణం చట్టం. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 13వ నిబంధన ప్రకారం అనుమతి లేకుండా విమానాశ్రయంలో గానీ, ఎగిరే విమానంలోంచి గానీ ఫొటో తీయకూడదు. 2004లో ప్రయాణికులకు కొంత సడలింపు వచ్చింది కానీ, రక్షణ శాఖ విమానాశ్రయాలను అందులోంచి మినహాయించారు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, బేగంపేటలో వైమానిక దళ స్థావరం ఉంది. అందుకే మన దగ్గర మిగిలినవాటిలో విమానం కోసం తీసిన ఫొటోలు తక్కువ, మనుషుల కోసం తీసినవి ఎక్కువ. దండ వేసుకుని మెట్ల మీద నిలబడిన నాయకుడో, అమెరికా ప్రయాణమైన పెద్దబ్బాయో ఫొటో నిండా ఉంటారు. విమానం వాళ్ల భుజం వెనక, సగమే.

ఆ సగాన్ని చదవడంలోనే అభిమానుల పనితనం ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాడిన పాత టర్బోప్రాప్‌లు ముఖ్యంగా మూడు: 1957లో సర్వీసులోకి వచ్చిన వికర్స్ వైకౌంట్, 1961లో వచ్చిన ఫోకర్ ఫ్రెండ్‌షిప్, 1960ల చివర్లో చేరిన ఆవ్రో 748. మనిషి తలకు పైన రెక్క కనిపిస్తే అది ఫోకర్. రెక్క కిందుగా ఉండి, దాని మీద కూర్చోబెట్టినట్టు ఇంజన్ లావుగా పైకి లేచి ఉంటే ఆవ్రో. నాలుగు ఇంజన్లు, నిలువుగా సాగిన పెద్ద కోడిగుడ్డు ఆకారపు కిటికీలు ఉంటే వైకౌంట్. మూడింటికీ ఇంజన్ మాత్రం ఒకటే, రోల్స్‌రాయిస్ డార్ట్. దాని ఈల లాంటి సన్నని కూత గురించి అప్పటి ప్రయాణికులు ఈనాటికీ చెబుతారు. ఫొటోకు ఎక్కనిది అదే. రిజిస్ట్రేషన్ అక్షరాలు పడ్డాయంటే పండగే. భారత పౌర విమానాల గుర్తు వీటీతో మొదలవుతుంది, మిగతా మూడక్షరాలను బట్టి ఆ విమానం పుట్టుపూర్వోత్తరాలన్నీ తీయవచ్చు. వైమానిక దళం ఆవ్రోల నంబర్లలో హెచ్, ఆంటొనోవ్-32ల నంబర్ల ముందు కె ఉంటాయి.

ఆవ్రోను మన దేశంలోనే కాన్పూర్‌లో తయారుచేశారు. అక్కడ కూర్చిన మొదటిది 1961 నవంబరు 1న ఎగిరింది. 1980ల్లో వాయుదూత్ సంస్థ పంతొమ్మిది సీట్ల డోర్నియర్-228లను చిన్న ఊళ్లకు నడిపింది. రాజమండ్రి లాంటి చోట్ల చాలామందికి మొదటి విమానయానం అదే. ఆ సంస్థ ఎక్కువకాలం నిలవలేదు. బేగంపేట కూడా 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలను శంషాబాద్‌కు అప్పగించేసింది.

ఫొటోల కరువుకు విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబెట్టిన టీయూ-142 ఒక్కటే పెద్ద విరుగుడు. టుపొలెవ్ సంస్థ టీయూ-95 బాంబర్ నుంచి మలచిన ఈ జలాంతర్గాముల వేట విమానాలు ఎనిమిది 1988లో భారత నౌకాదళానికి వచ్చాయి. మొదట గోవాలో, 1992 నుంచి తమిళనాడులోని అరక్కోణంలో ఉన్నాయి. 312వ స్క్వాడ్రన్ వీటిని నడిపింది. 1988 నవంబరులో మాల్దీవుల్లో కుట్రను అణచిన ఆపరేషన్ కాక్టస్‌లో సముద్రం మీద కన్నేసి ఉంచాయి. 29 ఏళ్ల సేవ ముగించి 2017 మార్చి 29న విశ్రాంతి తీసుకున్నాయి. వాటిలో ఒకటి ఏప్రిల్ 8న విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో దిగింది. అక్కడ విడదీసి, భాగాలను ట్రైలర్ల మీద బీచ్‌కు తెచ్చి మళ్లీ కూర్చారు. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రదర్శనశాలను ప్రారంభించారు.

దాని రెక్క కింద నిలబడితే నాలుగు కుజ్‌నెత్సోవ్ ఎన్‌కే-12 ఇంజన్లు కనిపిస్తాయి. ఒక్కొక్కదాని శక్తి దాదాపు 15,000 హార్స్‌పవర్. ప్రతి ఇంజన్‌కూ ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు. నాలుగేసి రెక్కల చొప్పున ఇంజన్‌కు ఎనిమిది. ప్రొపెల్లర్ విమానమై ఉండి గంటకు 900 కిలోమీటర్లు దాటి పోగలిగిందంటే అందుకే. 50 మీటర్ల రెక్కల వెడల్పును ఒకే ఫొటోలో ఇమిడ్చాలంటే రోడ్డుకు అవతల నిలబడక తప్పదు. రోడ్డుకు అవతల 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి ఉంది. వేటగాడినీ వేటనూ ఎదురెదురుగా పెట్టిన ఆ ఆలోచన మెచ్చుకోదగ్గదే. రక్షణ స్థావరంలో ఉన్నంతకాలం కెమెరాకు దొరకని ఆ విమానాన్ని ఇప్పుడు చిన్నపిల్లలు కూడా సెల్‌ఫోన్‌లో పట్టుకుపోతున్నారు.

అన్ని జ్ఞాపకాలూ సరదాగా ఉండవు. 2016 జులై 22న చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన ఆంటొనోవ్-32 బంగాళాఖాతంలో మాయమైంది. నంబరు కె2743. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపోకు చెందిన సివిలియన్ ఉద్యోగులు. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని 2024 జనవరిలో ప్రకటించారు. ఆ నంబరున్న పాత ఫొటోను విమానాల లెక్కలో కలిపేయడానికి విశాఖవాళ్లకు మనసు రాదు.

మన్యంలో సంగతి వేరు. అక్కడి పెదబయలు నుంచి విమానాన్ని దగ్గరగా చూడాలంటే పాడేరు మీదుగా ఘాట్ దిగి విశాఖ రావాలి, లేకుంటే ఒడిశా సరిహద్దు దాటి జయపురం వెళ్లాలి. జయపురం విమానాశ్రయం నుంచి 2022లో ఇండియావన్ ఎయిర్ సంస్థ తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్‌తో సర్వీసులు మొదలుపెట్టింది. ఒకే ఇంజన్, పైన రెక్క, అదీ టర్బోప్రాపే. విమానం దారిని ఊహిస్తూ పటం మీద విశాఖకూ జయపురానికీ గీత గీస్తే అది అరకు దగ్గరగా పోతుంది, పెదబయలు ఆ గీతకు పడమర పక్కన పడుతుంది. తూర్పు కనుమల మీద ఎగిరిన పాత ఆవ్రోల, ఫోకర్ల ఫొటోలు దొరకడం కష్టం. కారవాన్‌కు ఆ కొరత రాదు, కొండల్లో ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోన్ ఉంది.